కింది వరస మూడు పళ్ళు

మార్చి 3, సోమవారం

ఈ రోజు ఒక ముసలావిడ నా పళ్ళు చూసింది.

కళ్ళజోడు తీసుకోవడానికి వచ్చింది. కొత్త పవరు. ముక్కు మీద జారుతుంటే ప్యాడ్లు దగ్గరికి నొక్కాను, కాడలు వేడిచేసి చెవుల వెనక వంచాను, మళ్ళీ పెట్టి "ఎలా ఉందమ్మా?" అని నవ్వాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "అబ్బ, ఎంత బాగా కనిపిస్తోందో! అవునే అమ్మాయ్, నీ కింది పళ్ళేంటి అంత పొడుగ్గా ఉన్నాయి?" అంది.

షాపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నోరు మూసుకుని. ఇరవై రెండేళ్ళుగా జనం ముఖాలకి జానెడు దూరంలో పనిచేస్తున్నాను. వాళ్ళకి సరిగ్గా కనిపించేట్టు చెయ్యడమే నా ఉద్యోగం. వాళ్ళకి నేను కూడా కనిపిస్తానని ఎప్పుడూ తట్టలేదు.

ఇంటికొచ్చి అద్దం ముందు పెదవి లాగి చూసుకున్నాను. కింది వరసలో ముందరి మూడు. చిగురు జారిపోయి పంటి మొదలు పచ్చగా బయటపడింది. చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటున్న సంగతి ఎప్పటినుంచో తెలుసు. గోరువెచ్చని నీళ్ళు అలవాటు చేసుకున్నాను, అంతే.

మార్చి 4

మాస్కు పెట్టుకుని వెళ్ళాను. "జలుబా?" అన్నాడు ఓనరు. అవునన్నాను.

మార్చి 8, శనివారం

జలుబుకి ఐదో రోజు.

కండక్టరమ్మ మళ్ళీ గోడ కొట్టింది. గోడంటే గోడ కాదు. ఇంటివాడు ఒక పెద్ద గదికి అడ్డంగా చెక్క కొట్టి, రెండు వాటాలని చెప్పి ఇద్దరికి అద్దెకిచ్చాడు. నా మంచం ఇటు, ఆవిడ మంచం అటు. ఆవిడ సిటీ బస్సులో కండక్టరు, తెల్లారకముందే డ్యూటీ. నిద్ర పాడవుతుందని కోపం కాబోలు. కానీ నేనేం చేశాను? రేడియో కూడా లేదు నాకు. మంచి నిద్రలో ఉండగా ఠక్ ఠక్‌మని లేపుతుంది. పొద్దున మెట్ల మీద ఎదురుపడితే ఇద్దరం చూపు తిప్పుకుంటాం.

ఆయన వచ్చాక ఇంకాస్త పెద్ద ఇల్లు చూసుకోవాలి. ఇది తాత్కాలికం అని అనుకునే దిగాను.

మార్చి 11, మంగళవారం

చిగుళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. గీతలున్న సన్నటి కడ్డీ ఒకటి పంటికీ చిగురుకీ మధ్య దించి, "నాలుగు, మూడు, ఐదు" అని నర్సుకి చెబుతుంటే ఆవిడ రాసుకుంది. జాకెట్టు కొలతలు ఇచ్చినట్టుంది.

"బ్రష్ గట్టిగా తోముతారా?"

"శుభ్రంగా తోముతాను."

"ఎంతసేపు?"

"అందరిలాగే."

పావుగంట. సాయంత్రం ఇంకా ఎక్కువ. ఇంటికొచ్చాక చెయ్యడానికి ఇంకేముంది గనక.

"నిద్రలో పళ్ళు కొరుకుతారా?"

"నిద్రలో సంగతి నాకేం తెలుస్తుంది డాక్టర్?"

"ఎవరికీ తెలీదమ్మా, పక్కన పడుకునేవాళ్ళు చెబితేనే. మీ వారిని అడగండి."

"ఊళ్ళో లేరు. రాగానే అడుగుతాను."

ఆ అమ్మాయి తల ఊపి రాసుకుంది. తర్వాత చెప్పింది: "పేరుకే చిగురు. ఒకసారి జారిందంటే మళ్ళీ చిగురించదు. ఉన్నది కాపాడుకోవాలి, లేనిచోట కప్పాలి."

కప్పడానికి ఏమేం దారులున్నాయో సుద్దతో చేసిన దవడ బొమ్మ పట్టుకుని చూపించింది. ఆయనకి చెప్పాలి కాబట్టి మరచిపోకముందే రాసుకుంటున్నాను. అంగిలి పైపొర లేపి, కింది నుంచి పలచగా ఒక ముక్క తీసి, బయటపడ్డ పంటి మొదలు మీద పరిచి కుట్టడం ఒకటి. ఎక్కువగా చేసేది అదేనట, బాగా నిలుస్తుందట. కాకపోతే పుండు రెండు చోట్ల. అంగిలి జోలికి పోకుండా, చిగురులో సూది పట్టేంత కన్నం చేసి, లోపల వదులు చేసి, ఉన్న చిగురునే పైకి జరపడం కూడా ఉంది గానీ, నా చిగురు ఉల్లిపొరలా ఉంది, జరిపితే చిరుగుతుంది అంది. పక్క పంటి చిగురు కొంచెం ఇటు తిప్పుదామంటే ఆ పక్కది కూడా జారిందే. ఇంకొకరి చర్మాన్ని శుద్ధిచేసి తయారుచేసిన ముక్క కూడా దొరుకుతుందట, అంగిలి కొయ్యక్కర్లేదు. ఇవేవీ వద్దంటే, గట్టిగా తోమడం మానేసి, ఇంకా జారకుండా చూసుకుంటూ కూర్చోవచ్చు.

"కూర్చుంటే?"

"రెండు పళ్ళు కూర్చున్నా పర్వాలేదు. మధ్యదాని ఎముక కూడా కొంచెం తరిగింది. అది ఎంతకాలం ఆగుతుందో చెప్పలేను."

బయట ఒక కాగితం ఇచ్చారు. అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అని ఉంది. ఆయన నంబరు రాశాను. మరి ఎవరిది రాస్తాను?

మార్చి 12

ఫోన్ చేద్దామనుకున్నాను. ఆఫీసు వేళ. చెయ్యలేదు.

మార్చి 13

సాయంత్రం చేద్దామనుకున్నాను. అలసిపోయి వచ్చి ఉంటారు.

మార్చి 16, ఆదివారం

అంగిలే ఖాయం చేసుకున్నాను. ఎవరిదో ముక్క నోట్లో పెట్టుకుని ఎలా నవ్వడం? ఇంటికప్పు పెంకు తీసి గోడకి అతికినట్టుంటుంది, ఉండనీ. కప్పూ నాదే, గోడా నాదే.

ఆయన కూడా ఇదే అనేవారు. "ఒకరి దగ్గర చెయ్యి చాచకు" అనడం ఆయనకి అలవాటు.

మార్చి 20, గురువారం

ముందు పళ్ళు శుభ్రం చేశారు. తర్వాత నర్సు నాకు తోమడం నేర్పింది. యాభై ఒక్క ఏళ్ళు వచ్చాయి నాకు. "చంటిపిల్లకి ఒళ్ళు రుద్దినట్టు రుద్దాలమ్మా, మాడిన గిన్నె తోమినట్టు కాదు" అంది. నా చెయ్యి పట్టుకుని చూపించింది. ఎవరైనా నా చెయ్యి పట్టుకుని చాలా రోజులైంది. షాపులో నేను రోజంతా జనం చెవులూ ముక్కులూ ముట్టుకుంటాను. అది వేరు.

ఆపరేషన్ ఏప్రిల్ 3న. సూదంటే నాకు వణుకు. ఈ రోజు మత్తుసూది చూడగానే కుర్చీలో ఎంత వణికానంటే, మత్తుమాత్ర వేసి చేస్తామన్నారు. మాత్ర వేస్తే వెంట మనిషి ఉండాలట.

"ఎవరొస్తారు మేడమ్?" అంది కౌంటర్లో అమ్మాయి.

"మా వారు వస్తారు" అన్నాను.

నోరు తనంతట తనే అనేసింది.

మార్చి 29

సెలవు దొరికితే వస్తారు.

ఏప్రిల్ 1

ఆర్థిక సంవత్సరం మొదట్లో సెలవులు దొరకడం కష్టం.

ఏప్రిల్ 3, గురువారం

ఆపరేషన్ జరగలేదు.

పదిన్నరకి వెళ్ళాను. "మీ వారు?" అంది కౌంటర్లో అమ్మాయి. దారిలో ఉన్నారన్నాను. పదకొండు వరకు కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద చేపల తొట్టి బొమ్మ. ఒక్కో చేపనీ లెక్కపెట్టాను. ఎవరూ రాలేదు. ఎవరినీ పిలవకపోతే ఎవరొస్తారు? ఏమనుకుని కూర్చున్నానో నాకే తెలియదు.

నన్ను అడక్కుండానే ఆ అమ్మాయి కాగితం మీది నంబరుకి ఫోన్ చేసింది. అవతల మాట వినిపించలేదు. పెట్టేసి, "ఎవరో ఆవిడ ఎత్తారు మేడమ్" అంది.

"నంబరు మారిందేమో. ఈమధ్య పాత నంబర్లు వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నారట కదా."

"కాదు మేడమ్. ఆయన స్నానానికి వెళ్ళారు, రాగానే చెప్తానన్నారు."

నా వెనక ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన పేపరు మడిచాడు.

డాక్టరు బయటికి వచ్చి, "మనిషి లేకుండా మాత్ర ఇవ్వలేనమ్మా. ఇంకో రోజు పెట్టుకుందాం, దానికేముంది" అంది మెల్లగా. ఆ మెల్లగా అన్నదానికే ఏడుపు పంటి బిగువున ఆపుకోవాల్సి వచ్చింది.

ఏప్రిల్ 4

పాత నంబర్లు వేరేవాళ్ళకి ఇస్తారా అని ఓనరుని అడిగాను. ఆరు నెలలు వాడకపోతే ఇస్తారన్నాడు. నేను అనుకున్నదే.

ఏప్రిల్ 5

అప్పుడు పదకొండు దాటింది. ఆయన ఎప్పుడూ ఆలస్యంగానే స్నానం చేస్తారు.

ఏప్రిల్ 6

ఏమీ లేదు.

ఏప్రిల్ 9, బుధవారం

ఈ రోజు కండక్టరమ్మతో తగువు పెట్టుకుందామనే వెళ్ళాను. షాపుకి సెలవు పెట్టాను. ఆవిడకి వారపు సెలవు. మెట్ల మీద కూర్చుని యూనిఫాం గుండీ కుట్టుకుంటోంది.

"ఏమండీ, మీరు గోడ ఎందుకు కొడతారు?" అన్నాను. గొంతు నాకే కీచుగా వినిపించింది.

ఆవిడ తలెత్తింది. నలభై ఉంటాయేమో. దగ్గర్నుంచి ముఖం చూడటం ఇదే మొదలు. బస్సులో అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది.

"హమ్మయ్య, మీరే అడిగారు. నేనెలా చెప్పాలా అని రెండేళ్ళ నుంచీ చస్తున్నా. ఏమనుకోకండి. మొదట ఎలకలనుకున్నాను. చెక్క కొరికేస్తున్నాయని బోను కూడా పెట్టా. వారం పెట్టా, ఒక్కటీ పడలేదు. తర్వాత తెలిసింది."

"ఏం తెలిసింది?"

"మీ పళ్ళండీ. నిద్రలో కరకరా కొరుకుతారు. రాళ్ళు నూరినట్టు. ఠక్ ఠక్‌మంటే కాసేపు ఆపుతారు. మళ్ళీ మొదలు."

పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయాను. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉన్నాను, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ సూది పక్కన పెట్టేసింది.

"అయ్యో, దీనికి ఏడుస్తారేంటండీ! కొరికితే కొరికారు, మీ పళ్ళే కదా. నన్ను కొరకలేదుగా?"

చిగుళ్ళ సంగతి చెప్పాను. అంగిలి, కన్నం, ఇంకొకరి చర్మం, అన్నీ. ఆవిడ నోరు తెరుచుకుని వింది. "ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అంటారు గానీ, నిలబెట్టుకోవడానికి ఇన్ని రాళ్ళుంటాయా?" అంది. తర్వాత, "మరి వెంట ఎవరొస్తారు?" అని అడిగింది.

"ఆయన ఊళ్ళో లేరు."

ఆవిడ దారం తెంపింది. ఎక్కడున్నారు, ఎప్పుడొస్తారు అని అడగలేదు.

"నేనొస్తా. డ్యూటీ మార్చుకుంటా."

"మీకెందుకండీ శ్రమ?"

"శ్రమేంటి, నా స్వార్థం. మీ పళ్ళు కుదుటపడితే నా కన్ను మూతపడుద్ది."

ఏప్రిల్ 17, గురువారం

అయింది. మాట్లాడొద్దన్నారు. నిద్ర వస్తోంది.

ఏప్రిల్ 18

నోరు తెరవలేను కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. గడ్డం వాచి ఇంకెవరిదోలా ఉంది.

నిన్న కౌంటర్లో అమ్మాయి కాగితం పెట్టి, "మీరు ఈవిడకి ఏమవుతారు?" అని కండక్టరమ్మని అడిగింది. "గోడవుతాను. ఇద్దరికీ ఒకటే గోడ. రాసుకో" అంది ఈవిడ. ఆ పిల్ల బిక్కచచ్చిపోయి నా వైపు చూసింది. చివరికి చెల్లెలని రాశారు.

మాత్ర వేశాక అన్నీ నీళ్ళల్లోంచి వినిపించినట్టు వినిపించాయి. అంగిట్లో సూది ఒక్కటే తెలిసింది. తర్వాత కొయ్యడం తెలియలేదు, లాగడం తెలిసింది. "దారం" అని డాక్టరు అన్నప్పుడల్లా లెక్కపెట్టాను. పదకొండు తర్వాత వదిలేశాను. అంగిలికి పల్చటి ప్లాస్టిక్ రేకు తొడిగారు. వాచకుండా బయట ఐసు పెట్టుకోవాలి. ఆ పక్క బ్రష్ తగలకూడదు, మందు నీళ్ళతో పుక్కిలించాలి, గట్టిగా ఉమ్మకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పెదవి లాగి కుట్లు చూసుకోకూడదట. అందరూ చూసుకుంటారట. అలా చూసుకునే ఊడగొట్టుకుంటారట.

హాస్పిటల్ నుంచి నేరుగా ఆటోలో తీసుకొచ్చి పడుకోబెట్టింది. వెళ్ళిపోతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. చల్లారిన జావ స్పూనుతో పట్టింది. మధ్యాహ్నమంతా మాట్లాడుతూనే ఉంది. ఎదురు చెప్పేవాళ్ళు లేరు కదా.

"రోజుకి ఎంతమంది ఎక్కుతారో తెలుసా అక్కా నా బస్సు? ఊపిరాడదు. అందరూ నా మీదే పడి నిలబడతారు. ఒక్కరంటే ఒక్కరు నా మొహం చూడరు. టికెట్టు వంక చూస్తారు, కిటికీలోంచి చూస్తారు. పోయినేడు నెల రోజులు సెలవు పెట్టా, గర్భసంచి తీసేశారు. తిరిగొచ్చాక ఒక్కళ్ళు అడగలేదు, ఇన్నాళ్ళూ ఏమైపోయావని."

ఆ నెల నాకు గుర్తుంది. పక్క వాటా చప్పుడు లేకుండా ఉందని హాయిగా నిద్రపోయాను. ఎవరు చూసుకున్నారు ఈవిడని? అడగడానికి నోరు లేదు. చెయ్యి పట్టుకున్నాను.

"ఏం, నొప్పా?" అంది.

ఏప్రిల్ 21

పెదవి లాగి చూసుకోలేదు.

ఫోను రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను.

ఏప్రిల్ 24, గురువారం

ఆయన ఫోన్ చేశారు! హాస్పిటల్ నుంచి ఏదో కబురు వచ్చిందట కదా, ఏమైంది అని. మూడు వారాలకి తీరిక దొరికినట్టుంది. పళ్ళకి చిన్న ఆపరేషన్ అన్నాను. మాట ముద్దగా వచ్చింది. బాగానే మాట్లాడారు.

ఏప్రిల్ 25

"ఓ, పళ్ళా" అన్నారు. "నేనింకా ఏమో అనుకున్నాను."

ఏప్రిల్ 26

తర్వాత, "ఆ కాగితం మీద నా నంబరు తీసేయించు. ఇక్కడ బాగుండదు" అన్నారు. సరేనన్నాను. మొత్తం నలభై సెకన్లు. ఫోన్లో చూపిస్తుంది.

అంగిట్లో రేకు తీశాక నాలుక అక్కడికే పోతోంది. గరుకుగా ఉంది. మానుతోందనే అనుకుంటున్నాను.

మే 1, గురువారం

కుట్లు తీశారు. డాక్టరు అద్దం చేతికిచ్చింది. రెండు పళ్ళకి చిగురు బాగా అంటుకుంది. రంగు కొంచెం తేడా, తెల్లగా, చిరిగిన చీరకి అతుకు వేసినట్టు. మధ్యది సగమే కప్పుకుంది.

"ఇది ఇంకా పైకి వస్తుందా?"

"కొంచెం వస్తే రావచ్చు. పూర్తిగా రాదమ్మా. పక్కన ఎముక ఉంటేనే చిగురు దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. అక్కడ ఎముక లేదు. కానీ పన్ను కదలట్లేదు, చూడండి. నిలబడుతుంది. అద్దంలో మీకు తప్ప ఎవరికీ కనిపించదు."

"కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకి కనిపిస్తుంది" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. నిద్రలో పళ్ళకి తొడుక్కోవడానికి మెత్తటి తొడుగు ఇచ్చారు.

మే 6

మాస్కు తీసేసి ఐదు రోజులు. ఎవరూ ఏమీ అనలేదు. ఓనరు మాత్రం, "జలుబు తగ్గినట్టుందే" అన్నాడు.

మే 7

తొడుగు పెట్టుకున్న దగ్గర్నుంచి గోడ చప్పుడు లేదు. ఆవిడ నిద్రపోతున్నట్టుంది. మంచిదే. తెల్లారగట్ల మెలకువ వచ్చి కాసేపు అలాగే విన్నాను. ఏమీ లేదు. పొద్దున లేచేసరికి ఆవిడ వెళ్ళిపోయింది.

మే 11, ఆదివారం

కండక్టరమ్మ బస్సు ఎక్కాను. షాపు దాటి అవతలికి ఆ దారిలో నేనెప్పుడూ పోలేదు. "చివరి దాకా రండక్కా, ఆదివారం ఖాళీగా ఉంటుంది" అని ఆవిడే రమ్మంది. టికెట్టు కొన్నాను, వద్దనలేదు, డ్యూటీ డ్యూటీయే.

గోదాములు దాటాం, ఒక పెద్ద మైదానం దాటాం. చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. డ్రైవరు టీకి వెళ్ళాడు. ఎవరికీ దారి అడ్డం లేకపోయినా ఆవిడ అలవాటుగా కమ్మీ పట్టుకుని నిలబడింది, తర్వాత వచ్చి నా పక్క సీట్లో కూలబడింది. చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది. మడమలు పగిలి ఉన్నాయి.

"ఒకటి అడగనా? బావగారు ఎప్పుడొస్తారు?"

ఊళ్ళో లేరు అనబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఖాళీ బస్సు. కిటికీ పక్క సీట్ల మీద ఎండ. ఆ మాట ఎవరి కోసం అనాలో తెలియలేదు.

"రారు" అన్నాను. "నన్ను వదిలేసి వెళ్ళిపోయారు. రెండున్నరేళ్ళయింది. అక్కడ ఇంకొకావిడ ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు. మా ఓనరుకి తెలీదు. మా అన్నయ్యకి తెలీదు. అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా ఇప్పుడే బజారుకి వెళ్ళారని చెబుతాను."

అంతా ఒక్క ఊపిరిలో అన్నాను. నా గొంతు అంత మామూలుగా ఉంటుందనుకోలేదు.

ఆవిడ నా వైపు తిరిగింది. అయ్యో అనలేదు. కాసేపు నా ముఖమే చూసింది, చూపు తిప్పుకోకుండా. "ఎంత కష్టపడుంటారక్కా, రోజూ ఆయన్ని బజారుకి పంపలేక" అంది.

నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఇద్దరం ఖాళీ బస్సులో పిచ్చివాళ్ళలా నవ్వాం. తర్వాత నేను చాలాసేపు ఏడ్చాను. ఆవిడ ఏమీ చెయ్యలేదు, పక్కన కూర్చుంది, అంతే. డ్రైవరు వచ్చి మమ్మల్ని చూసి ఇంకో టీకి వెనక్కి వెళ్ళిపోయాడు.

ఈల వేసే వేళయింది. నేను లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"దిగక్కర్లేదక్కా. ఇదే బస్సు తిరిగి వెళ్తుంది."

నా స్టాపులో ఒక్కదాన్నే దిగాను. ఆవిడకి ఇంకా మూడు ట్రిప్పులున్నాయి. బస్సు కదిలాక ఫుట్‌బోర్డు మీంచి ఏదో అరిచింది, వినపడలేదు.

ఇంటికొచ్చి తాళం తీశాను. అన్నయ్యకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేస్తాను. ఈలోగా ఇక్కడ కూడా రాయాలి. ఇన్ని పేజీల్లో ఒక్కచోట కూడా రాయలేదు.

ఆయన వెళ్ళిపోయాడు.